క్వారీ గుంట గద్దలు

మార్చి 4

పిట్టల దొరసానికి,

ఇక్కడ ఎవరూ క్షేమంగా లేరు. అక్కడ నువ్వు క్షేమంగానే ఉన్నావని మీ క్వార్టర్ మేడ మీద ఆరేసిన నీ నారింజ డ్యూటీ కోటు చెబుతోంది. మా డాబా ఎక్కితే రన్‌వే అవతల అది జెండాలా కనిపిస్తుంది. అడ్డంగా నడిచి రానిస్తే పొయ్యి మీద నీళ్లు కాగేలోపు నీ గుమ్మంలో నిలబడి, అడగాల్సినవన్నీ అడిగేసి తిరిగొచ్చేదాన్ని. మధ్యలో దేశానికంతటికీ పెద్ద విమానాశ్రయం ఉంది కాబట్టి ఈ ఉత్తరం రాజధానంతా ఊరేగి నీ చేతికి రావాలి. ఫోన్ చేద్దామంటే నువ్వు ఎత్తవు. ఎత్తినా మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు. చింపేసినా ముక్కలు ఏరుకుని మరీ చదువుతావు, నీ సంగతి నాకు తెలుసు.

నిన్న నా కొట్టుకి సీలు వేశారు. నీకు నేను చెప్పేదేముంది, నువ్వూ వచ్చావుగా. మీ కళ్లజోడు ఆఫీసరు నా కోళ్ల గూళ్ల ముందు నిలబడి నోటీసు చదువుతుంటే నువ్వు జీపులో కూర్చుని రోడ్డుకేసి చూస్తున్నావు. కొనడానికొచ్చిన వాళ్లందరి ముందూ, "ఈవిడ మాంసం వ్యర్థాలు ఆరుబయట పారేసి గద్దల్ని పోగేస్తోంది, విమానాలకి ప్రమాదం" అని చదివాడు. చేతిలో కత్తి కింద పెట్టమన్నాడు. పెట్టాను. సగం కోసిన కోడి మొద్దు మీద ఉండగానే తాళం వేశారు. ఇవాళ వీధి వీధంతా వాసన.

నువ్వు మరిచిపోయి ఉంటావు, గుర్తు చేస్తాను. నా వంటింట్లో కూర్చుని, నా చేతి కూర మళ్లీ వడ్డించుకుంటూ, "వదినా, కొట్టు వెనకాల నువ్వు పారేసే పేగులకీ కాళ్లకీ గద్దలొచ్చి రన్‌వే మీద తిరుగుతున్నాయి. వాటిని తోలలేక చస్తున్నాను. ఆ చెత్తేదో ఊరవతల రాళ్ల క్వారీ గుంటలో వేయించు. గద్దలన్నీ అటు పోతాయి, నా ప్రాణం హాయిగా ఉంటుంది" అన్నదెవరు? ఆ రోజు నించీ మీ అన్నయ్య రోజూ పొద్దున్నే తోపుడు బండిలో ఆ చెత్తంతా వేసుకుని, నలిగిపోయిన ఆ కుడిచేత్తోనే తోసుకుంటూ క్వారీ దాకా పోతున్నాడు. రన్‌వే మీద గద్దలు తగ్గాయని నీకు మెచ్చుకోలు వచ్చింది. నాకు సీలు వచ్చింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని చూశాను గానీ, లెక్కపెట్టి ఆఫీసరుకి అప్పజెప్పేదాన్ని నిన్నే చూశాను.

మీ అన్నయ్యని "పోతున్నాడు" అని రాశానని తప్పు పట్టకు. కోపంలో నా నోటికి మర్యాద రాదు.

ఆ కళ్లజోడు దగ్గరికెళ్లి, క్వారీలో వెయ్యమన్నది నేనేనని చెప్పు. సీలు తీయించు. అంతవరకూ నన్ను వదినా అని పిలవకు.

ఇట్లు,
కొట్టు లేని కత్తి


మార్చి 9

వదినా,

పిలవొద్దన్నావు కాబట్టే మొట్టమొదట ఆ పిలుపే పెట్టాను.

జీపు దిగలేదని కదా నీ కోపం. దిగి ఏం చెయ్యాలి? నీ మెడ పట్టుకుని ఏడవాలా? నువ్వు నాకేమవుతావో ఆ కళ్లజోడుకి అక్కడే తెలిస్తే, సొంత మనిషి కొట్టు అని కళ్లు మూసుకున్నావా అని నన్నూ అక్కడే నిలబెట్టేవాడు. నీకు చూస్తే చేతిలో కత్తి, ముక్కు మీద కోపం. నోటీసుతో పోయేది కేసు దాకా వెళ్లేది.

నువ్వు చెప్పినదంతా నిజమే, కాకపోతే సగమే. క్వారీలో వెయ్యమన్నది నేనే. ఆపమన్నదీ నేనే. కొత్త రన్‌వే తెరిచిన వారమే అన్నయ్యని గేటు ముందున్న టీకొట్టుకి పిలిచి మరీ చెప్పాను. ఇకమీద విమానాలు దిగేది సరిగ్గా ఆ క్వారీ మీదుగా, చక్రాలు కిందికి దించుకుని, ఇంటి కప్పుల్ని రాసుకుంటున్నట్టు. అక్కడ ఒక్క పేగు ముక్క కూడా పడకూడదు, గొయ్యి తీసి పూడ్చేయండి అన్నాను. అన్నయ్య తలూపాడు. తర్వాత అడిగితే, "మీ వదినకి చెప్పానమ్మా. దాని రన్‌వే దాని ఇష్టం, నా చెత్త నా ఇష్టం అంది. నేనేం చెయ్యను" అన్నాడు. అచ్చం నీ మాటే. మళ్లీ చెప్పించాను. మళ్లీ అదే జవాబు. పంతానికి పోతే నువ్వు ఎంత దూరమైనా పోతావని నాకు తెలీదా?

పోయిన నెలాఖర్లో దిగుతున్న విమానం ఇంజన్లోకి గద్ద పోయింది. పైలట్ ఎలాగో దించాడు, అందరూ బతికారు. ఆ పూట డ్యూటీ నాది. రన్‌వే చివర ఒక రెక్క దొరికితే నా చేత్తోనే సంచిలో వేశాను. దిగినవాళ్లలో ఒకావిడ చంకలో పిల్లని వదలకుండానే గాజు తలుపు దగ్గర కూలబడి వాంతి చేసుకుంది. నువ్వు మొద్దు మీద కోడి గురించి రాశావు. నాకు కళ్లు మూసుకుంటే ఆవిడే కనిపిస్తోంది.

ఇప్పుడు నా మీద విచారణ. పక్షుల్ని తోలడానికి జీతమిస్తుంటే నీ కళ్లెదుటే ఇన్ని గద్దలు ఎలా పోగయ్యాయని అడుగుతున్నారు. మా వదిన పంతం వల్ల అని చెప్పనా? ఉద్యోగం పోతే నీ కొట్టు ముందు కూర్చుని ఈకలు పీకుతాను, పనిలో పెట్టుకుంటావా?

నీకు ఆడపడుచునైన పాపానికి,
నేను


మార్చి 14

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. మిగిలిన సగం మొగుడు నా ఇంట్లో ఉన్నాడు. రెండు సగాలూ కలిసి నన్ను నిండా ముంచాయి.

నాకెవరూ ఏమీ చెప్పలేదు. "నా చెత్త నా ఇష్టం" అన్న మాట నా నోట రాలేదు. అనగలను, అనే రకాన్నే, కానీ అనలేదు. మీ అన్నయ్య నాకు చెప్పింది వేరు. చలికాలంలో ఒకరోజు ఇంటికొచ్చి, "చెల్లాయి కనిపించింది. క్వారీ పద్ధతి భేషుగ్గా ఉందట. వీలైతే ఇంకాస్త ఎక్కువే వెయ్యమంది" అన్నాడు. ఆ మాట నమ్మి, పక్క వీధి కొట్లవాళ్ల చెత్త కూడా అడిగి తెచ్చి, బండి నింపి పంపించాను. అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. మా ఆడపడుచు విమానాల్ని కాపాడుతోందని గొప్పలు కూడా చెప్పుకున్నాను.

కాబట్టి ఎవరో ఒకరు అబద్ధం ఆడుతున్నారు. మీ అన్నయ్యకి నోట్లో నాలుక లేదు. ఇంత కట్టుకథ అల్లే తెలివి ఆ మనిషికెక్కడిది? విచారణలోంచి బయటపడటానికి నువ్వే అల్లావు.

నీ ఉత్తరం ఆయన ముందు కూర్చుని గట్టిగా చదివాను. గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

"చెల్లాయి ఆపమందా లేదా?"

"ఏదో అంది."

"నేనన్నానా ఆ మాట?"

"నువ్వూ ఏదో అన్నావు."

అంతే. లేచి వెళ్లి తోపుడు బండి చక్రానికి నూనె పోసుకున్నాడు. కొట్టే లేకపోతే బండెందుకని అరిస్తే, ఊరికే ఉంటే తుప్పు పడుతుందన్నాడు. కొట్టు మూతపడిన మనిషి బండికి నూనె పోస్తున్నాడు చూడు. మీ ఇంట్లో పుట్టినవాళ్లందరికీ ఎక్కడో ఒక మర వదులు.

ఆ పిల్ల తల్లి సంగతి చదివాక నాకు ముద్ద దిగలేదు. ఆ సంగతి నీకు చెప్పకూడదనుకున్నాను. రాసేశాను, పో.

విచారణకి నన్నూ రమ్మని కబురొచ్చింది. వస్తాను. జరిగింది జరిగినట్టు చెప్తాను. ఆ తర్వాత నీ ఇష్టం, నీ కళ్లజోడు ఇష్టం.

ఇట్లు,
ఎవరికీ ఏమీ కానిది


మార్చి 18

వదినా,

అబద్ధాలకోరునన్నావు. సరే. నేను కూడా జరిగింది జరిగినట్టే చెప్తాను. ఆపమని చెప్పించినా ఆపలేదని చెప్తాను. నీ కొట్టు ఇక తెరుచుకోకపోతే నన్ననకు.

అన్నయ్య ఇక్కడ సామాన్లు ఎక్కించే పనిలో ఉండగా బెల్టులో చెయ్యి పడి నలిగిపోయినప్పుడు, ఆస్పత్రి బెంచీ మీద నీ పక్కన కూర్చున్నది నేను. చేతకాదని అన్నయ్యని ఇంటికి పంపేస్తే, "కొట్టు ఉంది, ఇద్దరికీ చాలు, ఎవరూ ఏడవక్కర్లేదు" అన్నావు. ఆ రోజు నీ కాళ్లకి దండం పెట్టాలనిపించింది. పెట్టకపోవడమే మంచిదైంది. ఆ వదినా ఈ వదినా ఒక్కరేనంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

ఇంకో సంగతి. నిన్న పొద్దున డ్యూటీలో దుర్భిణితో చూశాను. నీ కొట్టుకి సీలు పడి ఇన్ని రోజులైనా క్వారీ మీద గద్దలు ఒక్కటీ తగ్గలేదు. అక్కడ ఇంకా ఎవరో వేస్తూనే ఉన్నారు. సీలు పడిన కొట్లోంచి చెత్త ఎలా వస్తోంది? ఇంటి వెనకాల దొంగచాటుగా కోస్తున్నావా? కళ్లజోడు కంట పడితే ఈసారి తాళం కొట్టుకి కాదు, నీకు వేస్తారు.

నేను


మార్చి 23

అమ్మడూ,

దొంగచాటుగా కోస్తున్నానా అని అడిగావు. ఆ మాట నేను కట్టె కాలేదాకా మరిచిపోను. కానీ దాని పుణ్యమా అని, ఉత్తరం అందిన మర్నాడే మీ అన్నయ్య వెనకాల వెళ్లాను.

పక్క వీధి కొట్టు దగ్గర ఆగి చెత్త నింపించుకున్నాడు. నూనె పోసిన చక్రం కదా, కిక్కురుమనకుండా పోతోంది. నేను వెనకాల బండరాళ్ల చాటున నక్కి నక్కి వెళ్లాను, సొంత మొగుణ్ణి పట్టుకోవడానికి పోలీసులా. క్వారీ అంచున బండి ఆపి, ఎడం చేతి వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. పెళ్లయి ఇన్నేళ్లయింది, ఆ మనిషికి ఈల వెయ్యడం వచ్చని నాకు తెలీదు. అంతవరకూ ఖాళీగా ఉన్న ఆకాశం నిండిపోయింది. ఒక్కో ముక్కా పైకి విసురుతుంటే కింద పడనివ్వకుండా అందుకుంటున్నాయి. సగం తోక ఊడిన ముసలిది ఒకటి వచ్చి బండి పిడి మీదే వాలింది. దాని పేరు మొండితోక అట. దాంతో మాట్లాడుతున్నాడు! "ఆలస్యమైందని అలిగావా? నిన్న ఎక్కడికి పోయావు? రెక్క నొప్పి తగ్గిందా?" అని. నా దగ్గర "ఊఁ" తప్ప రెండో మాట రాని మనిషి. ఆ గొంతు నాకు ఒక్కనాడూ వినిపించలేదు. రాయి వెనకాల కూర్చున్నదాన్ని, నాకు ఒళ్లు భగ్గున మండింది. గద్ద మీద కుళ్లుకునే ఆడదాన్ని దేవుడు కూడా నన్నే చూసి ఉంటాడు.

అప్పుడే విమానం వచ్చింది. దాని చక్రాలు, వాటి కింద ఈ రెక్కలు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అది దాటిపోయింది. నువ్వు దేనికి భయపడ్డావో అప్పుడు తెలిసింది.

వెళ్లి చొక్కా పట్టుకున్నాను. నాకో మాటా చెల్లాయికో మాటా చెప్పి ఇద్దరి మధ్యా నిప్పెందుకు పెట్టావు అని అరిచాను. చొక్కా విడిపించుకుని బండి పిడి పట్టుకున్నాడు. తర్వాత, "ఆపేస్తే నేను పొద్దున్నే ఎందుకు లేవాలి?" అన్నాడు.

"నేను లేనా?" అన్నాను.

"నువ్వు కొట్టు కోసం లేస్తావు. ఇవి నా కోసం వస్తాయి" అన్నాడు.

నీకు అబద్ధాలకోరని రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. నీ మీద కోపం పోయిందనుకోకు, కాస్త పక్కకి జరిగిందంతే. మీ అన్నయ్య మీద కోపానికి చోటు కావాలిగా. బండి చక్రం ఊడదీసి మంచం కింద పెట్టాను.

ఇట్లు,
గద్దకి సవతి


ఏప్రిల్ 2

వదినా,

నీకు బుద్ధుందా?

విచారణ గదిలోకి ముందు నిన్ను పిలిచారు. బయటికొస్తూ నా మొహం కూడా చూడలేదు. సరే, జరిగింది జరిగినట్టే చెప్పి ఉంటుంది, నన్ను కడిగేసి ఉంటుంది అనుకున్నాను. నేను లోపలికెళ్లి, "క్వారీలో వెయ్యమన్నది నేను. ఆపమన్న మాట మా వదిన దాకా చేరలేదు. ఆవిడ తప్పేమీ లేదు" అన్నాను. కళ్లజోడు తన ముందున్న కాగితం కేసి చూసి నవ్వాడు. "మీ వదిన ఇప్పుడే చెప్పి వెళ్లింది. ఎవరూ వెయ్యమనలేదట. మా ఆడపడుచుకి ఏమీ తెలీదు, నా ఇష్టం కొద్దీ నేనే వేశాను అంది. మీలో ఎవర్ని నమ్మమంటావు?" అన్నాడు.

నన్ను కాపాడమని నిన్నెవరు అడిగారు? ఉత్తరాల నిండా తిట్టిపోసినదానివి, అక్కడ కూడా ఆ తిట్లే తిట్టి ఉంటే నా ఉద్యోగం పోయి నీ కొట్టు దక్కేది. నేను తిట్టినట్టే చెప్పినా ఏదో ఒకటి మిగిలేది. ఇప్పుడు నువ్వు ఒప్పుకున్నావని కొట్టూ పోయింది, నేను ఒప్పుకున్నానని ఉద్యోగమూ పోయేలా ఉంది. ఇంత కోపంలోనూ ఒకరినొకరు ఇంత చక్కగా ముంచుకునే వదినా ఆడపడుచులు ఇంకెక్కడైనా ఉంటారా?

అది చాలదన్నట్టు ఈల సంగతి కూడా వాగావట. "మా ఆయన ఈల వేస్తే ఆకాశంలో గద్దలు దిగొస్తాయి" అని గొప్పగా చెప్పావట. కళ్లజోడు దాన్నే పట్టుకున్నాడు. గద్దలు పోతే సీలు తీస్తాడట, నా మీద విచారణ కూడా మూసేస్తాడట. ఎలా పోవాలో కూడా తనే చెప్పాడు. "మీ అన్నయ్యని బండి తెమ్మను, ఈల వెయ్యమను. అన్నీ ఒకచోట దిగుతాయి. తుపాకీ నీ దగ్గర ఉంది కదా."

ఇన్నాళ్లూ నేను చప్పుడు తూటాలే పేల్చాను వదినా. హారన్ కొట్టాను, జీపుతో తరిమాను. చంపలేదు. ఆయన్ని బతిమాలాను. రన్‌వే మీంచి క్వారీకి ఎలా మళ్లించామో అలాగే బండిని రోజూ కాస్త కాస్త జరుపుకుంటూ కొండల అవతలికి తీసుకెళ్తాం, వానలు పడేదాకా గడువివ్వండి అన్నాను. "విమానాలు వానల దాకా ఆగుతాయా?" అన్నాడు. ఆయన చెప్పింది తప్పైతే ఇంత కోపం వచ్చేది కాదు.

అన్నయ్యకి ఈ సంగతి నువ్వే చెప్పు. మన ఇంట్లో విన్న మాటని విన్నట్టు చెప్పగలిగేది నువ్వొక్కదానివే.

నీ ఆడపడుచు


ఏప్రిల్ 8

అమ్మడూ,

నా నాలుక కోసి నా మొద్దు మీదే పెట్టాలి. ఆ గదిలో అందరూ మీ అన్నయ్యని చేతకానివాణ్ణి చూసినట్టు మాట్లాడుతుంటే నాకు కడుపు మండి ఆ ఈల సంగతి చెప్పాను. గొప్పకి పోయి గొయ్యి తవ్వాను.

చెప్పాను మీ అన్నయ్యకి. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీసెయ్యలేదు. విని, మంచం కింద నించి చక్రం తీసి బండికి బిగించుకున్నాడు. వెళ్తావా అన్నాను. "వెళ్తాను. ఈల మాత్రం వెయ్యను. పిలిచి చంపించడం నా వల్ల కాదు" అన్నాడు. మరి ఎందుకెళ్లడం అంటే, "నేను లేకుండా అవి చావడం ఎందుకు" అన్నాడు.

నిజం చెప్పనా? నాకు కొట్టు కావాలి. పొద్దున లేచి ఆ తలుపు తీసి, మొద్దు కడిగి, మొదటి బేరం చేసుకోకపోతే నేను మనిషిని కాను. నా కొట్టు తెరవాలంటే ఆ గద్దలు చావాలని మనసులో ఒక మూల అనుకున్నాను. అనుకుని, పక్కనే అన్నం తినకుండా కూర్చున్న ఈ మనిషిని చూసి సిగ్గుతో చచ్చాను. మళ్లీ అనుకున్నాను. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా బతుకు.

నువ్వు కాల్చావో, నా గుమ్మం తొక్కకు. కాల్చకపోతే నీ ఉద్యోగం పోతుంది, అప్పుడు కూడా నా గుమ్మం తొక్కకు. ఏం చేసినా నీ మీద నాకు కోపమే. నాకు వేరే దారి కనిపించడం లేదు.

ఇట్లు,
కత్తి


ఏప్రిల్ 19

వదినా,

గుమ్మం తొక్కలేదు. రాస్తున్నాను.

కళ్లజోడు క్వారీ రోడ్డు మీద కారు ఆపి, అద్దాలు ఎత్తుకుని కూర్చున్నాడు. నేను బండరాళ్ల పక్కన. అన్నయ్య ఖాళీ బండి తోసుకుంటూ వచ్చాడు, నన్ను చూసి కూడా చూడనట్టు. అంచున ఆగాడు. ఈల వెయ్యలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. అయినా వచ్చాయి వదినా. ఈల కోసం రావడం లేదు అవి, బండి కోసం వస్తున్నాయి. ఆ సంగతి అన్నయ్యకీ అప్పుడే తెలిసినట్టుంది, "పో, పో" అని గొణుగుతూ బండికి అడ్డం నిలబడ్డాడు. మొండితోక వచ్చి ఎప్పటిలాగే పిడి మీద వాలింది.

తుపాకీలో నేను పెట్టుకెళ్లినవి చప్పుడు తూటాలే. అన్నయ్య తల పక్క నించి, బండి మీద నించి, వాటి మధ్యలోకి ఆగకుండా పేల్చాను. జీపు హారన్‌కి రాయి ఆనించాను. అరిచాను, రాళ్లు విసిరాను, బండిని కాలితో తన్ని పడేశాను. అన్నయ్య చెవులు మూసుకుని మోకాళ్ల మీద పడిపోయాడు. గద్దలన్నీ ఒక్కసారి లేచాయి. పొగ తగ్గాక అన్నయ్య నా వైపు చూశాడు. చంపి ఉన్నా అలా చూసేవాడు కాదేమో. బండి అక్కడే వదిలేసి నడిచి వెళ్లిపోయాడు.

మర్నాడూ ఆ పై రోజులూ నేనే ఆ బండి తోసుకుంటూ వెళ్లాను. కనుచూపు మేరలో ఒక్కటి కనిపించినా పేల్చాను. ఆ బండంటే చావనుకునేదాకా, ఆ క్వారీ అంటే చావనుకునేదాకా అదే పని చేశాను. ఇప్పుడక్కడ ఏమీ లేవు. కొండల వైపు పోయాయి.

ఆకాశం ఖాళీ అయింది కాబట్టి కళ్లజోడు నీ సీలు తీస్తాడు. చెత్తకి లోతైన గొయ్యి, దానికి మూత ఉండాలట. నాకు మాత్రం, కాల్చమంటే కాల్చలేదని, తుపాకీ తీసుకుని ట్రాలీలు ఇచ్చారు. వచ్చినవాళ్లు సామాన్లు దించుకుని ఎక్కడపడితే అక్కడ వదిలేసిన ట్రాలీల్ని వరసలో తోసుకుంటూ తేవాలి. కొత్త కోటు నీలం. మేడ మీద ఆరెయ్యడం లేదు. డాబా మీంచి అన్నయ్య చూస్తాడని.

నేను ఎవరి మీద కోప్పడాలో చెప్పు వదినా. కళ్లజోడు మీదా? అబద్ధాలాడిన అన్నయ్య మీదా? అందరి మీదా ఉంది, ఎవరి మీదా నిలవడం లేదు.

బండి మీ వీధి మలుపులో పెట్టి వెళ్లాను.

నేను


మే 6

అమ్మడూ,

బండి తెచ్చుకున్నాను. పెరట్లో పెట్టాను. దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

కొట్టు తెరిచాను. లోపలి సంగతి నీకు వర్ణించి నీ అన్నం చెడగొట్టను. గొయ్యి తీయించాను, మూత పెట్టించాను. మొదటి రోజు వచ్చినవాళ్లందరూ నీ గురించే అడిగారు. మా ఆడపడుచు పెద్ద ఉద్యోగంలోకి మారింది, విదేశాల నించి వచ్చేవాళ్లందరినీ ముందుగా చూసేది తనే అని చెప్పాను. అబద్ధమేం కాదుగా.

మీ అన్నయ్య క్వారీ నించి తిరిగొచ్చిన రోజు నించీ నాతో "ఊఁ" కూడా అనలేదు. పొద్దున్నే అదే వేళకి లేచేవారు. ఎక్కడికీ వెళ్లేవారు కాదు. డాబా ఎక్కి కూర్చుని, ఎండెక్కాక దిగేవారు. గద్దల కోసం చూస్తున్నారనుకుని నేను లోపల్లోపల మండిపోయేదాన్ని. నిన్ను తిట్టుకునేదాన్ని. మనిషిని పొద్దున్నే నిద్ర లేపే ఒక్క పనినీ తగలబెట్టి పోయింది కదా అని.

నిన్న పొద్దున అది వచ్చింది. మొండితోక. నేను కొట్టు తలుపు తీస్తుంటే ఎదురింటి రేకు మీద కూర్చుని మా వైపే చూస్తోంది. ఎంత చిక్కిపోయిందో. మీ అన్నయ్య మెట్లు దిగి పరిగెత్తుకుంటూ వచ్చారు. నా మొద్దు మీద నించి ఒక ముక్క తీసుకున్నారు. మళ్లీ మొదలు, మళ్లీ సీలు అనుకున్నాను. నోరు తెరిచి తిట్టబోయాను. ఆయన ఆ ముక్క కేసి చూసి, తిరిగి మొద్దు మీద పెట్టేశారు. వంగి రోడ్డు మీద రాయి తీశారు. నలిగిన ఆ చేత్తోనే విసిరారు. తగల్లేదు. అది కదల్లేదు, మెడ వంచి చూసింది. ఇంకో రాయి తీసి, "పోవే!" అని అరుస్తూ విసిరారు. ఈసారి రెక్కకి తగిలింది. లేచి, వీధి మీద ఒక చుట్టు తిరిగి కొండల వైపు పోయింది. అది కనపడకుండా పోయేదాకా చేతిలో మూడో రాయి పట్టుకునే నిలబడ్డారు.

తర్వాత వచ్చి కొట్లో నా పక్కన కూర్చున్నారు. కళ్ల నిండా నీళ్లు. నేను మొద్దు కడుగుతున్నాను. అప్పుడు ఆయనే అడిగారు.

"చెల్లాయి కోటు తీగ మీద కనపడటం లేదేం?"

డాబా ఎక్కి ఇన్ని రోజులూ ఈయన చూసింది గద్దల కోసం కాదే అమ్మడూ.

నువ్వు చేసింది ఆయనకి అర్థమైంది. నాకు ఇంకా కాలేదు, నా కోపం నాకుంది. ఆదివారం రా, ఎదురుగా కూర్చోబెట్టుకుని తిడతాను. ఈలోపు ఆ నీలం కోటు మేడ మీద ఆరెయ్యి. ఎండకి వెలిసిపోతుందని లోపల ఆరెయ్యకు. రన్‌వే వైపున్న తీగ మీదే వెయ్యి.

ఇట్లు,
నీ వదిన